సీజన్ అయిపోయాక

గాడిదలు కూడా లారీ ఎక్కేశాయి.
స్కెగ్నెస్ ఒడ్డున ఇంక గాలీ, మేమూ.

మడత కుర్చీలు లెక్కపెడుతూ
ముసలి క్లెమ్ గొణుగుతాడు:
"మూడు తక్కువ. ఏటా మూడే.
సముద్రానికి మాత్రం కూచోవాలని ఉండదా?"

వేసవంతా అడిగారు జనం,
ఇక్కడ చూడ్డానికేమున్నాయని.
రంగులరాట్నం, గడియారస్తంభం
వేలెత్తి చూపించాను.

ఇది చూపించలేదు:
నాలుగింటికే చీకటి పడే రోజుల్లో
చేపల కొట్టు గ్లెనిస్
మిగిలిన ముక్కలు పొట్లాలు కట్టి
గుమ్మం గుమ్మానికీ ఇచ్చిపోవడం.

లైఫ్‌బోటు పిలుపు మోగితే
నోట్లో ముద్దతోనే పరుగెడతాడు ఆమె కొడుకు.
ట్రాక్టరు పడవని అలల్లోకి నెడుతుంది.
కెటిల్ మరిగి, చల్లారి, మళ్లీ మరుగుతుంది.

తెల్లారగట్ల తిరిగొస్తారు.
క్లెమ్ లాంతరెత్తి
తలలు లెక్కపెడతాడు.

ఈ లెక్క మాత్రం రెండుసార్లు.