ధర తర్వాత చెబుతారు

ఆరిల్యె పైన కొండల్లో జూన్ ఆఖరు.
శీతల గిడ్డంగి గుమ్మంలో, కాటా పక్కన నా కుర్చీ.
సాయంత్రం ఏడు నుంచి ట్రాక్టర్లు బారు తీరతాయి.
నేను రాసేది బరువు మాత్రమే.
ధర గడి ఖాళీ.
"తర్వాత చెబుతారు" అంటాను.
ఎవరు చెబుతారో నాకూ తెలీదు.

స్తమేనియా వస్తే ముందు చేతులు చూస్తాను,
పళ్ళు తర్వాత.
ముంజేతుల మీద ముళ్ళ గీతలు,
గోళ్ళ సందుల్లో సబ్బుకి లొంగని ఎరుపు.
రాస్ప్‌బెర్రీని తుంచకూడదంటుంది,
చెయ్యి పెట్టి అడగాలట.
ఇవ్వకపోతే ఇంకా పండనట్టే.
వచ్చేటప్పుడు తన నడిమి తెల్ల బొడిపెను
కొమ్మకే వదిలేసి వస్తుంది.
అందుకే లోపల అంత డొల్ల,
మనవరాలి వేలికి టోపీ అయ్యేంత.

మొదటి ఏడు కొమ్మ ఊరికే పెరుగుతుంది.
రెండో ఏడు కాస్తుంది, కాసి ఎండుతుంది.
నరికి కాల్చేస్తారు.
పక్కన కొత్త కొమ్మ అప్పటికే నిలువెత్తు.
"ఇందులో నీతి వెతక్కు" అంది ఓసారి
కత్తెరకి పదును పెడుతూ.

ఆ రాత్రి వాన.
ఆమె చివరి పన్నెండు ట్రేలకీ చెమ్మ తగిలింది.
మేనేజరు విడోయె ఒక పండును వేలితో నొక్కి
"రెండో రకం" అన్నాడు.
నా పెన్ను రాసేసింది.

ఆమె మాట్లాడలేదు.
కాటా మీంచి ట్రేలు ఒక్కొక్కటే దించుకుని,
టార్పాలిన్ కప్పి, బండి వెనక్కి తిప్పింది.
వెనకున్న నాలుగు ట్రాక్టర్లూ
దారివ్వడానికి బురదలోకి దిగాయి.
నేను అంకె కొట్టేశాను.
పుస్తకంలో ఆ గీత ఇప్పటికీ ఉంది,
కాగితం కొంచెం చిరిగి.

నవంబరులో ధర వచ్చింది.
నిరుటికంటే తక్కువ.
ఇంటింటికీ కాగితం పంచే పని కూడా నాదే.

స్తమేనియా తీసుకుని చదవలేదు,
జాడీ కింద పెట్టింది.
గడప దాటిన మనిషికి ఇక్కడి మర్యాద ప్రకారం
చిన్న గాజు పళ్ళెం, ఒక చెంచా,
పక్కన గ్లాసుడు చన్నీళ్ళు.
చెంచాలో చిక్కటి పాకం,
అందులో మూడు పళ్ళు, ఒక్కటీ చెదరలేదు.

"రెండో రకం" అంది.

నోట్లో వేసుకున్నాను.
ఏం అనాలో తెలీక నీళ్ళన్నీ తాగేశాను.
ఒక గింజ పంటి సందున ఇరుక్కుంది.
కొండ దిగేదాకా
నాలుక అక్కడే తచ్చాడింది.