లాకుకీ చేనుకీ మధ్య

పైన
బ్యారేజీ దగ్గర లెక్క క్యూసెక్కుల్లో ఉంటుంది.
కింద
కుడుపూడి పల్లాలమ్మ లెక్క, ముక్కాలెకరం మడిలో
చీలమండ మునిగిందా లేదా అన్నంతే.
ఆ లెక్కకీ ఈ లెక్కకీ నడుమ
పదిహేను కిలోమీటర్ల బ్రాంచి కాలువ,
గుర్రపుడెక్క, పూడిక,
వంకరపోయిన ఒక షట్టరు,
దాని తాళంచెవి మొలతాడుకి కట్టుకున్న
లస్కరు ఏసురత్నం,
అట్ట ఊడిన మినిట్సు పుస్తకంతో నేను.

బడ్జెట్లు మా నెత్తిమీదుగా ఎగిరిపోతాయి.
అప్పులు మా కాళ్లకిందుగా పాకిపోతాయి.

నీరు పల్లమెరుగు అంటారు.
ఎరుగు, కాదనను.
అంతకంటే ముందు తాళమెరుగు,
ఎగువ మోతుబరి మోటారు సైకిలు చప్పుడెరుగు,
ఏసురత్నం కూతురి పురుటి ఖర్చెరుగు.
అతన్ని దొంగంటే నేనొప్పుకోను.
ఏడు నెలల జీతం బాకీపడ్డ మనిషి చేతిలో
నాలుగొందల ఎకరాల దాహం పెట్టి
నిజాయితీ ఏదిరా అని అడిగిందెవరు?

దాళ్వా నాటిన పందొమ్మిదో రోజుకి
శివారు చేలు నెర్రెలిచ్చాయి.
సొసైటీ గోడౌనులో, యూరియా బస్తాల మీద
కూర్చుంది సంఘం.
కలెక్టరు దగ్గరికి పోదామని ఒకడు,
లస్కర్ని పీకించేద్దామని పదిమంది.
లెక్కలు చెప్పి రిటైరైన యాళ్ల భద్రం మాస్టారు
కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు:
"తాళం ఒక్కటే ఉండటం తప్పర్రా.
ఆ చోట నన్ను నిలబెట్టినా అంతే."

అలా రెండు తాళాలొచ్చాయి.
ఒక చెవి ఎగువకి, ఒకటి శివారుకి.
ఇద్దరూ వస్తేనే షట్టరు కదిలేది.
వంతులు గోడ మీద,
చదువురాని కంటిక్కూడా ఆనేలా
బోదెకో రంగు.

బాగానే ఉంది,
శివారు చెవి ఎవరికి?
నిబంధనల కాగితం తీశాను:
సభ్యుడనగా పట్టాదారు.
శివారు పట్టాదారులు కాకినాడలో ఒకరు, భీమవరంలో ఇద్దరు,
ఇంకొకాయన పోయి ఆరేళ్లు,
పాసుపుస్తకంలో మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

గుమ్మం పక్కన పల్లాలమ్మ.
పదకొండేళ్ల కౌలు,
ఏ కాగితంలోనూ లేని పేరు.
"బురదలో నేనుంటే
తాళం కాకినాడలో ఉంటాదా బాబూ?"

ఎవరూ నవ్వలేదు.
'పట్టాదారు' మీద గీత కొట్టి
పైన ఉన్న ఇరుకులో రాశాను,
'సాగుదారు'.
నాలుగక్షరాలే. చెయ్యి వణికింది.
ఎగువవాళ్లిద్దరు సంతకం పెట్టకుండా లేచిపోయారు.

చెల్లుతుందో లేదో తెలీదు.
ఏ జీవో ప్రకారం అని ఏఈ గారడిగారు,
నీళ్లు నమిలాను.
ఆ వంతు మూడు రోజులు ఆలస్యమే అయింది,
రెండు మడులు ఎండాయి,
ఒకటి పల్లాలమ్మదే.

ఇవాళ తెల్లారగట్ల మాత్రం
ఎగువ మోటారు సైకిలు
లాకు దగ్గర లైటార్పేసి ఆగి ఉంది.
మోతుబరి గట్టు మీద నిలబడి
చేతిలో చెవి అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు.

శివారు వైపునించి ఆవిడ వస్తోంది,
కొంగున కట్టిన ఇనప ముక్కతో,
దారిలో ఒక బోదెకి పడ్డ గండి
కాలితో పూడ్చుకుంటూ,
నింపాదిగా.