నూట పదకొండో వరుస

గ్రీమ్స్‌పేటలో దర్జీ కొట్టు మీద గది నాది.
కింద కుట్టుమిషను ఆగినప్పుడల్లా
నా కీబోర్డు చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తుంది.

పలమనేరు నుంచి చెంగల్రాయులు మామ
నూట నలభై కుండల ఫోటోలు పంపాడు,
వెంట తన గొంతు కూడా:
"ఇది దుత్త, ఇది బాన, ఇది గురిగి,
ఇదేమో అటిక, అమ్మణ్ణీ, మా నాయన చేతివాటం."

షీటులో చేతివాటానికి గడి లేదు.
పేరు, వెల, రంగు, బరువు, సరుకు ఉందా లేదా.
పేరుకి నూట యాభై అక్షరాలు ఇస్తారు గానీ
ఫోను తెర మీద నిలిచేవి మొదటి ముప్పయ్యో నలభయ్యో;
తక్కినదంతా మూడు చుక్కల వెనక చీకటి.
అందుకని జనం వెతికే మాట ముందుకి రావాలి:
మట్టి వంటపాత్ర, మూతతో, రెండు లీటర్లు.
దుత్త అట్లా పోయింది. బాన పోయింది.
గురిగి 'చిన్న మట్టి గిన్నెలు, ఆరు' అయి
వారంలో పద్దెనిమిది పెట్టెలు కదిలింది.
పాపమో పుణ్యమో, ఆ డబ్బుతోనే
మామ సారెకి మోటారు పెట్టించుకున్నాడు.

రంగు గడి ఖాళీగా వదలకూడదు.
"ఏం రాయమంటావు మామా?"
"ఆవం ఏం చెప్తే అది."
ఒకటి ఎండుమిరప, ఒకటి పాత ఇటుక,
మంట నాకిన చోట నేరేడుపండు మచ్చ.
నేను 'ఎరుపు' అని కొట్టి
నూట నలభై వరుసల కిందికి లాగేశాను.
మూడు వెనక్కి వచ్చాయి:
ఫోటోలో మచ్చ లేదు, కుండకి ఉందట.

బార్‌కోడు అంకె అడిగింది. లేదని రాశాను.
కుండ బోర్లిస్తే అడుగున బొటనవేలి ముద్ర ఉంటుంది,
అందులో గీతలు ఎవరు లెక్కపెట్టాలి?

చెయ్యి కనిపిస్తోందని పదకొండు ఫోటోలు తిప్పికొట్టారు.
చేతులు కత్తిరించాను.
తెల్లటి తెర మీద కుండలు నిలబడ్డాయి,
వాటిని ఎవరూ చెయ్యనట్టు.

రాగి సంగటి కుండ సంగతి వేరు.
యంత్రం దాన్ని లోహాల్లో చేర్చింది.
ఎక్కడో ఒకావిడ ఒక్క నక్షత్రమిచ్చి రాసింది:
"రాగి అన్నారు, మన్ను పంపారు."
మామ దగ్గొచ్చేదాకా నవ్వాడు.
నేను ఆ రాత్రి మట్టి, మట్టి, మట్టి అని
గడి గడికీ దిగుతూ కూర్చున్నాను.

అటికది నూట పదకొండో వరుస.
ఎందుకో దాని పేరు తియ్యబుద్ధి కాలేదు.
చిట్టచివర, మూడు చుక్కల అవతల,
కామా పెట్టి ఉంచాను.

నెలాఖరున నివేదిక వస్తుంది,
ఎవరెవరు ఏ మాట కొట్టి మా దాకా వచ్చారో.
మట్టి కుండ ధర. మట్టి కుండ పగలకుండా ఎట్లా.
మట్టి పాత్ర గ్యాసు మీద పెట్టొచ్చా.
అట్టడుగున: అటిక.
నొక్కు ఒకటి. ఖర్చు మూడు రూపాయల నలభై పైసలు.
కొనుగోలు సున్న.

రాత్రి రెండుంబావుకి, ఏ ఊళ్లోనో,
ఎవరి నోట విన్న మాటో అది,
వేళ్లకి గుర్తొచ్చింది.
చూశారు. వెళ్లిపోయారు.

మామకి చెప్పాను.
"కొనలా?"
"కొనలేదు."
కాసేపు ఫోనులో మోటారు తిరిగే చప్పుడు.
"ఆ మూడున్నరా నా లెక్కలో రాయి, అమ్మణ్ణీ."

డబ్బు తిని బేరం తేని మాటల్ని
నిషేధాల జాబితాలో వెయ్యడం నా కొలువు.
నిన్న ఇరవై ఆరు వేశాను.
దీని ఎదుట గడిలో గురుతు పెట్టలేదు.

నూట పన్నెండులో మూత బరువు లేదు.
పొద్దున్నే తూకం అడగాలి.