తిరగేసి చదివే మనిషి

ఆడి మాసం. పెళ్ళిళ్ళు లేవు.
ఆండర్సన్ వీధిలో శుభలేఖల కొట్లన్నీ
పసుపు అంటని కవర్లలా ఖాళీ.
అట్టపెట్టెల మీద దుమ్ము దులుపుతూ నేనూ,
మూలుగుతూ పాత కంప్యూటరూ.

సాయంత్రం అయిదూ నలభైకి వచ్చింది ఆ ఉత్తరం.
"ప్రియమైన ఖాతాదారూ,
మీ మెయిల్‌లోకి ఎవరో చొరబడ్డారు.
ఇరవై నాలుగు గంటల్లో నిర్ధారించకపోతే
శాశ్వతంగా మూసేస్తాం."
కింద ఒక నీలం మీట,
దాహంతో ఉన్నవాడికి చూపించిన చెంబులా.

అందులోనే ఉన్నాయి కొట్టు లెక్కలు,
మూడు వందల జంటల పేర్లు,
ఆవణి ముహూర్తాలకు తీసుకున్న అడ్వాన్సులు.
వేలు మీట మీదికి వెళ్ళింది.
వెళ్ళిందని ఎందుకు దాచను?
పోయిన ఏడు, పార్సిల్ ఆగిపోయిందంటే నమ్మి
ఇలాగే ఒకటి నొక్కి
పదకొండు వేలు పోగొట్టుకున్నదాన్ని.
ఇంట్లో చెప్పలేదు.
ఆటో మానేసి చూళై దాకా నడిచి నడిచి
ఆ గుంట పూడ్చాను.

అప్పుడొచ్చాడు టీ గ్లాసుతో ఎతిరాజులు నాయుడు.
నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి.
ప్రెస్సు మూతపడినా రోజూ వస్తాడు,
కూర్చోవడానికి ఇంకో చోటు తెలియనట్టు.
ఏమైందని అడగలేదు.
తెరకి ముక్కు ఆనించి
జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఏమ్మా, ఇది ఎమ్ కాదే."
"మరి?"
"ఆరూ, ఎన్నూ. సందు లేకుండా ఇరికించాడు.
నా దగ్గరి కుర్రాడైతే చెవి మెలేసేవాణ్ణి."

చూశాను.
రెండక్షరాలు భుజాలు రాసుకుని
మూడోదాని వేషం కట్టి నిలబడ్డాయి.

"పేరు రాయకుండా శుభలేఖ ఎవడైనా పంచుతాడా?
పైగా ఈ తొందరొకటి.
రేపే ముహూర్తం అని తరిమినవాళ్ళ కార్డుల్లోనే
నాకు తప్పులు పడేవి."

బాణాన్ని మీట మీద నిలిపాను, నొక్కకుండా.
తెర అడుగున బయటపడింది అసలు చిరునామా,
కొండవీటి చేంతాడంత.
ముందంతా మనకు తెలిసిన కంపెనీ పేరే.
ఆయన మాత్రం అలవాటు కొద్దీ
చివర నుంచి వెనక్కి చదివాడు,
అచ్చు దిమ్మెను తిరగేసి చదివినట్టు.
"ఇదేం ఊరమ్మా, ఎప్పుడూ వినలేదు?"
అప్పుడు తెలిసింది నాకు,
ఇల్లు ఎవరిదో చివర రాసుంటుందని,
ముందున్నవన్నీ వాకిట్లో కట్టిన తోరణాలని.

ఆ ఉత్తరం చూపిన దారిన పోలేదు.
వేరే కిటికీ తెరిచి
నాకు తెలిసిన చిరునామా నేనే కొట్టాను.
లోపల ఎవరూ లేరు.
చివరిసారి వచ్చింది నేనే, పొద్దున తొమ్మిదీ పదికి.
ఎందుకైనా మంచిదని రెండో తాళం బిగించాను,
నా ఫోనుకి అంకె వస్తే తప్ప తెరుచుకోనిది.
దొంగ ఉత్తరమని ఫిర్యాదు నొక్కి చెరిపేశాను.
నాలుగు మాటలు తిట్టి జవాబు రాయాలనిపించింది,
రాయలేదు.
తలుపు వెనక మనిషి ఉన్నాడని వాడికెందుకు చెప్పాలి?

పదకొండు వేల సంగతి
ఎందుకో ఆయనకు చెప్పేశాను.
గ్లాసులో అడుగు చూసుకుంటూ కాసేపు ఊరుకుని,
"నా చేతిలో ఒకసారి
వరుడి పేరు ఉండాల్సిన చోట
వాళ్ళ నాన్న పేరు పడింది.
అయిదు వందల కార్డులు" అన్నాడు.
ఇద్దరం పడీ పడీ నవ్వాం.

మర్నాడు ఇంకోటి వచ్చింది.
నా పేరు పెట్టి పిలిచింది.
ఎమ్ అచ్చంగా ఎమ్మే.
భూతద్దం పట్టుకుని ఎంతసేపు వెతికినా
ఆయనకి ఒక్క తప్పు దొరకలేదు.
"వీడెవడో పని తెలిసినవాడు" అన్నాడు,
కొంచెం గౌరవంగా, కొంచెం దిగులుగా.

తప్పు లేదని నొక్కుతానా?
మళ్ళీ వేరే కిటికీ తెరిచాను.
ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ
నా దారిన నేను వెళ్ళాను.