పలకని మెట్టు

న్యూటౌన్ల మందుల షాపు మీద
గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టిన అర్ర.
అదే మా స్టూడియో.
ఫ్యాను బందు పెడితేనే రికార్డింగు.
చెమట కారీ కారీ
నా కీబోర్డుల ఒక మెట్టు సచ్చిపోయింది,
నడిమి గాంధారం.
శ్రుతి మార్చే బటను అంతకుముందే పోయింది.

బాగుచేపిద్దామంటే పట్నం పోవాలె,
మూడు పాటల పైసలు.
రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంటనే
దాన్ని దాటేసి బాణీలు అల్లిన.
రిషభం మీద జర ఆగుడు,
మధ్యమం మీదికి దుంకుడు.
పెండ్లి పాటకు అదే.
పొద్దుగాల ఒక పార్టీకి, మాపటికి ఇంకో పార్టీకి
అదే దుంకుడు.

క్యాసెట్టు మీద పాడినామె ఫోటో,
పైసలు పెట్టినాయన ఫోటో.
నా పేరు ఒక్కపారే అచ్చయింది,
సాల్మన్ కాదు, 'సామాన్' అని.
మా సుగుణ నవ్వీ నవ్వీ
ఆ అట్టను బియ్యం డబ్బాల దాసింది.

మొన్న మక్తల్ తొవ్వల బండి పంచరైతే
పత్తి చేను పక్కన నిలబడ్డ.
ఏరుకుంట ఆడోళ్లు పాడుతున్నరు.
ఎవరిదమ్మా ఈ పాట అంటే
"మా అవ్వలనాటిది" అన్నది ఒకామె.
మళ్ల అందుకున్నది.
రిషభం మీద ఆగింది.
నా వేలు దానంతటదే లేచింది.
ఆమె దుంకింది.

ఇప్పుడు కిస్తుల మీద కొత్త కీబోర్డు,
అన్ని మెట్లు పలుకుతయి.
రాత్రి ఒక్కన్నే కూసోని
ఆ గాంధారం నొక్కి చూసిన.
మంచిగనే ఉన్నది.
ఏ పాటల పెట్టాల్నో తోచలే.