అద్దె రసీదు

నవంబరు మూడో వారం. డులూత్.
సరస్సు మీంచి వచ్చే గాలికి
బస్‌స్టాపు అద్దాలు కూడా వణుకుతున్నాయి.
ఐవర్‌కి పద్దెనిమిది నిండి తొమ్మిది రోజులు.

సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఫారం ఇస్తూ
డెలోరిస్ అనే ఆవిడ గొంతు తగ్గించింది:
"మంచి రోజు సంగతి రాయకండి, మార్లిస్.
బాగా చెడ్డ రోజేదో, అది రాయండి."

వంటింటి కాలెండర్లన్నీ దాచుకున్నదాన్ని నేను.
జిప్పు పైకి లాగిన రోజుకి ఒక ఎర్రచుక్క,
"నీళ్ళు" అని అడిగిన రోజుకి రెండు.
వాడికి వచ్చినవే లెక్కపెట్టుకున్న చేత్తో
ఇప్పుడు రానివి రాయాలి,
నల్ల సిరాతో, గళ్ళు దాటకుండా.

ఒంటరిగా ప్రయాణం చేయగలడా?
తలుపు తెరిచిన ప్రతి బస్సూ
తన కోసమే ఆగిందనుకుంటాడు.
డ్రైవరుకి థాంక్స్ చెప్పి మరీ ఎక్కేస్తాడు.
ఒకసారి డిపోలో దొరికాడు,
ఎవరిదో సగం శాండ్‌విచ్ తింటూ.
గడిలో అంత చోటు లేదు.
"చేయలేడు" అని రాశాను.

డబ్బు లెక్క తెలుసా?
నాణేల్ని బరువును బట్టి ఇష్టపడతాడు.
"తెలియదు."

పొయ్యి ఆపడం గుర్తుంటుందా?
మూర్ఛ నెలకి ఎన్నిసార్లు?
రాస్తూ రాస్తూ పదమూడో పేజీకి వచ్చేసరికి
నా ఎదురుగా ఒక కుర్రాడు తయారయ్యాడు.
అదే పేరు, అదే పుట్టినరోజు,
నేనెప్పుడూ చూడలేదు వాణ్ణి.
నవ్వడు. కూత విని ఓడ పేరు చెప్పడు.
ఒక్కటీ అబద్ధం కాదు.
అబద్ధమైతే ఇంతకంటే తేలిగ్గా సంతకం పెట్టేదాన్ని.

చివర్లో డెలోరిస్ అడిగింది:
"అబ్బాయి మీకు అద్దె కడతాడా?"
నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.
ఊరికే ఉంటే మూడో వంతు దాకా కోతట.
"కాగితం రాసుకోండి. రసీదులు జాగ్రత్త."

ఎవరి కొడుకులైనా
ఒక వయసొచ్చాక ఒక ఇంటివాళ్ళవుతారు.
నా కొడుకు అద్దెవాడయ్యాడు,
వాడి పాలపళ్ళు ఊడిన గదికి,
గోడ మీద వాడి ఎత్తుగీతలు నేనే గీసిన గదికి.
నెలకి మూడు వందల పది డాలర్లు,
కరెంటు, హీటరు కలిపి.
సంతకం చోట వాడు ఓడ బొమ్మ వేశాడు.
పొగ కూడా వేశాడు. దానికే చాలాసేపు పట్టింది.

సరస్సు గడ్డకట్టింది. ఓడలు ఆగిపోయాయి.
జనవరిలో ఒక ఉత్తరం, ఇంకేదో కాగితం కావాలని.
ఫిబ్రవరిలో డాక్టరు, మా డాక్టరు కాదు, వాళ్ళ డాక్టరు,
పదకొండు నిమిషాలు చూశాడు వాణ్ణి.
రాత్రి షిఫ్టులో, నర్సింగ్‌హోమ్ లాండ్రీలో
వేడి దుప్పట్లు మడతపెడుతుంటాను.
నేను పోయాక ఎవరు, అన్నది మాత్రం
ఏ మడతలోనూ ఇమడదు.

మార్చి చివర మంజూరైంది.
ఐవర్ నోట్లు ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టాడు.
రసీదు చింపి ఇచ్చాను.
దిండు కింద దాచుకుని,
మధ్యాహ్నానికల్లా తలుపు మీద అట్టముక్క అంటించాడు,
ఒక అక్షరం తలకిందులు:
"తట్టాలి."

మర్నాడు ఫిర్యాదు.
హీటరు టక్‌టక్‌మంటోంది, ఓనరు చూడాలట.
స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళాను.
ఇన్నేళ్ళలో ఆ తలుపు ఏనాడూ తట్టి ఎరగను.
తట్టాను.
లోపల చప్పుడు లేదు.
మూర్ఛేమో అని గడియ మీదికి వెళ్ళిన చెయ్యి
అట్టముక్క చూసి ఆగింది.

దూరంగా వంతెన దగ్గర
ఈ ఏటి మొదటి ఓడ,
పొడుగు కూత ఒకటి, పొట్టివి రెండు.
వంతెన బదులిచ్చేదాకా విని,
అప్పుడు,
"ఎవరు?" అన్నాడు ఐవర్,
తన ఇంట్లోంచి.