తుమ్ము రాని వారం

కాటేదాన్ల మా మసాలా ఫ్యాక్టరీ గేటు కాడ
రేకుల షెడ్డు కింద రెండు బల్లలేసిండ్రు.
తెల్ల సూటు తొడుక్కున్న పిల్లగాడు
నా ఉంగరం వేలు పట్టుకొని, పేరన్నడు.
పోశవ్వ. టోకెన్ నలభై. మిర్చి సెక్షన్.

కారం తిని తిని మొద్దుబారిన తోలు,
రెండోసారి గుచ్చితేగాని రక్తం రాలే.
ఒక్క చుక్క ప్లాస్టిక్ బిళ్ళల వేసి
"పావుగంట ఆగమ్మా,
గీత పడితే నీకు వచ్చిపోయినట్టు" అన్నడు.

వచ్చిపోయినట్టా?
నేను ఇంట్ల లేనప్పుడు వచ్చి
తాళం చూసి మర్లిపోయిన సుట్టం లెక్కనా?

గీత పడ్డది.
బాల్‌పెన్నుతో గీసినంత సన్నగ.
సూపర్‌వైజర్ సంబరపడ్డడు:
"ఇగ నీకు భయం లేదు పోశవ్వా,
రాత్రి షిఫ్టుకు గూడ రావొచ్చు."

నా ముందటి బిహారు పిలగాడు సంజీత్
ఇరవై దినాలు జరంతోని పండుకున్నడు, జీతం కోసిండ్రు.
వాని బిళ్ళల గీతే లేదు.
ఎండకు పట్టి చూస్తున్నడు, తిప్పి చూస్తున్నడు.
"కొందరికి చెరిగిపోతది" అంటే
మరి నా జీతమో అన్నడు హిందీల.

నాకు జరం రాలే. ఒక్క దినం నాగా పెట్టలే.
ఎప్పుడొచ్చి ఉంటదని వేళ్ల మీద లెక్కవెట్టిన.
బోనాలు ఇండ్లల్లనే చేసుకొమ్మన్న ఏడు,
ఆ ముందటి వారం,
గ్రైండర్ పక్కన కూసొని ఒక్క తుమ్ము తుమ్మలే.
పదకొండేండ్ల కొలువుల ఎన్నడు లేంది!
అలవాటైందనుకున్న. సారు మెచ్చుకొని ఓటీ ఇచ్చిండు.

నేను తుమ్మితే కౌసర్ "నూరేండ్లు" అంటుండె.
మా తాన నేర్చుకున్న మాటే.
పొద్దుమూకే యాళ్లకు నాకు
నాలుగువేలేండ్ల ఆయుష్షు పోసేది.
ఆ వారం ఆమెకు ఆ పని లేకపాయె.
ఇద్దరం ఒక్క డబ్బాల తిన్నం.
ఖట్టీ దాల్ల ఉప్పెయ్యలేదా అంటే
"నీ నాలుకకేమైందే" అని నవ్వింది.

"నలభై రెండు" అని పిలుస్తున్నరు.
నలభై ఒకటి ఎవ్వరు పిలువలే.
రిజిస్టర్ల ఆ పేరు మీద
స్కేలు పెట్టి గీత కొట్టి ఉన్నది.

"బాబూ, ఈ గీత
నాకెళ్లి ఎవరికి పోయిందో చెప్తదా?"
"అది తెల్వదమ్మా" అన్నడు
గ్లౌజులు మార్చుకుంట.

లోపటికి పోయిన. మిషను ఆన్ చేసిండ్రు.
వరసగ మూడు తుమ్ములొచ్చినయి.
పక్క స్టూలు మీద ఎవరో ధనియాల బస్తా వెట్టిండ్రు.
దాన్ని కిందికి దించిన.